తుంటి, భుజం కండరాల బలహీనత: నీరసం నుంచి వేరు చేసేదెలా, కారణం ఎక్కడ వెతకాలి?

ఫిజియో_పీజీ

నమస్కారమండీ. "కాళ్లలో సత్తువ లేదు", "చేతులు పైకి లేవట్లేదు" అంటూ ఫిజియోథెరపీ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో నడుము ఎంఆర్ఐ ఉంటుంది. అందులో ఎక్కడో ఓ చోట డిస్కు ఉబ్బు కూడా ఉంటుంది. దాన్ని చూసి నడుముకి వ్యాయామాలు రాసి పంపేస్తారు. వీళ్లలో కొందరి సమస్య నడుముది కాదు. తుంటి చుట్టూ, భుజం చుట్టూ ఉండే పెద్ద కండరాలే బలహీనపడుతుంటాయి. పుస్తకాల్లో కారణాల పట్టిక రెండు పేజీలుంటుంది గానీ, ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు ఆ పట్టికలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

నా సందేహాలు: నిజమైన బలహీనతా, నొప్పి వల్ల లేవట్లేదా, ఉత్త నీరసమా అన్నది పరికరాలేవీ లేకుండా గదిలోనే ఎలా తేల్చాలి? తేలాక కారణం ఏ వరుసలో వెతకాలి? సీపీకే (కండరం పగిలితే రక్తంలో పెరిగే ఎంజైము) నార్మల్ వస్తే కండర జబ్బు లేనట్టేనా? ఎవరిని ఆ రోజే ఆసుపత్రికి పంపాలి?

సుత్తి_సూది

నాలుగింటిలో మొదటిదానికే ఎక్కువ సమయం పెట్టండి. అక్కడ తప్పితే ఆ తర్వాత చేసే రక్తపరీక్షలన్నీ పక్కదారి పట్టిస్తాయి.

నీరసం అన్న మనిషిని "ఏ పని చేయలేకపోతున్నారు?" అని అడగండి. ఉత్త నీరసమైతే జవాబులో పని పేరు ఉండదు. ఏదీ చేయబుద్ధి కాదు, సాయంత్రానికి ఒళ్లు వాలిపోతుంది, అంతే. నిజంగా కండరం బలహీనపడినవాళ్లు పనుల పేర్లు చెబుతారు. సోఫాలోంచి చెయ్యి ఊనకుండా లేవలేకపోవడం, గొంతుక్కూర్చుంటే లేవడానికి పక్కన ఆసరా కావాల్సి రావడం, మెట్లెక్కుతూ రెయిలింగ్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడం, కారెక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవడం, ఇవన్నీ తుంటి వైపు. జుట్టు దువ్వుకోవడం, తల మీంచి చొక్కా వేసుకోవడం, పై అరలో డబ్బా పెట్టడం, ఇవి భుజం వైపు. చదునైన నేల మీద నడక మాత్రం బాగానే ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు. మెట్లు ఎక్కడమే కష్టమైతే పిరుదు కండరాల మీద, దిగేటప్పుడు మోకాలు చటుక్కున వంగిపోతుంటే తొడ ముందు కండరం మీద అనుమానం పెట్టుకోండి.

చెప్పు జారిపోవడం, కాలివేళ్లు నేలకు తట్టుకోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, సీసా మూత తిప్పలేకపోవడం ముందుగా వస్తే అది చివరి కండరాల బలహీనత. అప్పుడు చూపు నరాల మీదికి పోవాలి. దీనికి మినహాయింపులున్నాయి. 45 దాటిన మనిషికి వేళ్లు మడిచే పట్టు, తొడ ముందు కండరం రెండూ కలిసి, ఒక వైపు ఎక్కువగా తగ్గుతుంటే ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ గుర్తుకు రావాలి. దాన్ని మామూలు మయోసైటిస్ (కండరాల వాపు జబ్బు) అనుకుని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ ఇస్తే లాభం ఉండదు, నష్టం మాత్రం ఉంటుంది.

ఇక పరీక్ష. నిక్కరు వేయించి, చొక్కా తీయించి చూడండి. బట్టల మీంచి చూస్తే భుజపుటెముక రెక్కలా లేవడం కనిపించదు. 43 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోమని ఒక్కసారి లేవమనండి. లేస్తే, వరుసగా అయిదుసార్లు లేచి కూర్చోమని సమయం చూడండి. పెద్దవయసువాళ్లలో 15 సెకన్లు దాటితే లెక్కలోకి తీసుకోవాలి. సెకన్ల కంటే లేచే తీరు ఎక్కువ చెబుతుంది: ముందుకు బాగా వంగి ఊపు తెచ్చుకుంటున్నారా, కాళ్లు ఎడంగా పెడుతున్నారా, చెయ్యి తెలియకుండానే తొడ మీదికి పోతోందా చూడండి. తర్వాత నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. నాలుగు కాళ్ల మీదికి తిరిగి, తన తొడల మీద తానే చేతులు వేసి పైకి ఎక్కుతున్నట్టు లేస్తే అది గోవర్స్ గుర్తు. పిల్లల జబ్బుకే ఇది వస్తుందనుకోకండి, తుంటి బలహీనత ఏ కారణంగా వచ్చినా కనిపిస్తుంది.

ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబెట్టండి. నిలబడిన కాలికి ఎదురువైపు కటి కిందికి జారితే, నిలబడిన వైపు గ్లూటియస్ మీడియస్ (కాలిని పక్కకి ఎత్తే తుంటి కండరం) బలహీనం. రెండు వైపులా అలా ఉంటే నడకలో ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది. గ్లూటియస్ మాక్సిమస్ (పెద్ద పిరుదు కండరం) పోయినవాళ్లు అడుగు వేసేటప్పుడు నడుముని వెనక్కి విరుస్తారు.

చేత్తో అదిమి చూసే పరీక్షలో ఒక మోసం ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషి తొడ కండరాన్ని మన చేతి బలంతో వంచలేం. అది సగానికి తగ్గినా మన చేతికి "5కి 5", అంటే పూర్తి బలంగానే తగులుతుంది. అందుకే కాలి కండరాలను ఒంటి బరువుతోనే తూకం వేయాలి: కుర్చీ, మెట్టు, ఒంటికాలు. చేత్తో చూడాల్సినవి చూసే భంగిమ కూడా ముఖ్యం. తుంటి చాపే కండరాలను బోర్లా పడుకోబెట్టి, పక్కకి ఎత్తే కండరాలను పక్కకి తిప్పి పడుకోబెట్టి చూడాలి. కూర్చోబెట్టి చూసి "తుంటి బాగుంది" అని రాసేస్తే చూసింది ముందుకు మడిచే కండరాన్ని మాత్రమే. డెల్టాయిడ్‌కి (భుజం మీది కండరం) చేతుల్ని 90 డిగ్రీలకు ఎత్తించి మోచేతికి కొంచెం పైన అదమండి. చివరగా వెల్లకిలా పడుకోబెట్టి దిండు మీంచి తల ఎత్తమనండి. మెడ ముందు కండరాల బలహీనత మయోసైటిస్‌లో, మయస్తీనియాలో (వాడేకొద్దీ కండరం అలిసిపోయే జబ్బు) తొందరగా బయటపడుతుంది. అయినా ఈ ఒక్క పరీక్షనే అందరూ మరిచిపోతారు.

నొప్పి సంగతి: చెయ్యి మీరే ఎత్తి చూడండి. మీరు ఎత్తినా లేవకపోతే, ముఖ్యంగా బయటికి తిప్పడం బిగుసుకుపోతే, అది కీలు సమస్య, ఫ్రోజెన్ షోల్డర్ లాంటిది. మీరు ఎత్తితే పూర్తిగా లేచి, తనంతట తాను ఎత్తలేక, అదీ ఒక్క భుజమే అయితే రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాల పట్టీ) చిరిగిందేమో చూడాలి. తుంటిలో లోపలికి తిప్పినప్పుడు గజ్జల్లో నొప్పి, బిగుతు ఉంటే కీలు అరుగుదల. అదిమినప్పుడు మొదట పూర్తి బలం వచ్చి చటుక్కున వదిలేస్తే అది నొప్పి వల్ల వదిలేయడం. "రెండు సెకన్లు మాత్రం గట్టిగా పట్టండి" అంటే అసలు బలం తెలిసిపోతుంది.

బలహీనత నిజమే అని తేలాక సుత్తి తీయండి. స్పర్శ బాగుండి, మోకాలి దెబ్బ, మడమ దెబ్బ (అక్కడ సుత్తితో కొడితే కాలు, పాదం తమంతట తామే కదలడం) నిలబడి ఉంటే కండరం. అవి తొందరగా మాయమైతే నరం, లేదా ల్యాంబర్ట్-ఈటన్ (నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందని జబ్బు). దెబ్బకి కాలు ఎగిరిపడుతూ, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంటే వెన్నుపాము లేదా మెదడు. అక్కడ సీపీకే కోసం ఎదురుచూడకుండా మెడ నుంచి ఎంఆర్ఐ తీయించాలి. మెడలో వెన్నుపాము నలిగినా మొదటి ఫిర్యాదు "మెట్లు ఎక్కలేకపోతున్నా" అనే ఉండొచ్చు. నడుము ఎంఆర్ఐలో అది కనపడదు.

మందులచీటీ

సుత్తి పక్కన పెట్టాక వాడుతున్న మందుల చీటీ అడగండి. పాత చీటీలు కూడా. కండరాన్ని బలహీనపరిచే మందుల్లో తరచుగా ఎదురయ్యేది స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ రోజుకి 30, 40 మి.గ్రా. చొప్పున కొన్ని వారాలు వాడితే తుంటి వైపు ముందుగా తగ్గుతుంది. 10 మి.గ్రా. లోపు మోతాదుతో అరుదు. డెక్సామెథసోన్, ట్రయామ్‌సినొలోన్‌లతో ముప్పు ఎక్కువ. దీనిలో నొప్పి ఉండదు, సీపీకే పెరగదు, ఈఎంజీ (సూది గుచ్చి కండరంలో విద్యుత్తు చూసే పరీక్ష) కూడా చాలాసార్లు మామూలుగానే వస్తుంది. ఎందుకంటే కండరం పగలట్లేదు, వేగంగా పనిచేసే రెండో రకం తంతువులు సన్నబడుతున్నాయంతే. మోతాదు తగ్గించాక 3, 4 వారాల్లో మార్పు కనిపించడం మొదలవుతుంది, పూర్తిగా కోలుకోడానికి నెలలు పడుతుంది. తెలిసింది కదా అని రోగి తనంతట తాను ఒక్కసారిగా మానేస్తే అడ్రినల్ గ్రంథి చేతులెత్తేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట ప్రతిసారీ చెప్పాలి. కీళ్లలోకి, నడుములోకి వేయించుకున్న ఇంజెక్షన్లు, పేరు తెలియని "నొప్పుల పొడులు" కూడా అడగండి. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు.

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ సంగతి వేరు. దాంతో ఒళ్లునొప్పులు అన్నవాళ్లు చాలామంది, నిజంగా కండరం పగిలేవాళ్లు చాలా తక్కువ. కొత్తగా మరో మందు తోడైనప్పుడే ముప్పు పెరుగుతుంది: సిమ్వాస్టాటిన్ లేదా అటోర్వాస్టాటిన్ వాడుతున్న మనిషికి క్లారిత్రోమైసిన్, ఇట్రకొనజోల్, సైక్లోస్పోరిన్ పడ్డా, ఏ స్టాటిన్‌కైనా జెమ్‌ఫైబ్రోజిల్ తోడైనా. స్టాటిన్ ఆపాక వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో సర్దుకోవాలి. ఆపాక కూడా బలహీనత పెరుగుతూ, సీపీకే వేలల్లోనే ఉంటే ఇక మందు దుష్ఫలితం అనుకుని కూర్చోకూడదు. హెచ్ఎంజీసీఆర్ యాంటీబాడీ చూడాలి. అది మందు రాజేసిన ఆటోఇమ్యూన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థే కండరం మీద దాడి చేయడం), మందు ఆపితే ఆరదు.

గౌట్‌కి వాడే కాల్చిసిన్ కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో కండరాన్నీ నరాన్నీ రెండింటినీ కొడుతుంది. క్లారిత్రోమైసిన్ తోడైతే మరీను. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే కండరంతో పాటు గుండె కండరం కూడా చూడాలి. మద్యం దీర్ఘకాలం తాగేవాళ్లలో తుంటి కండరాలు నెమ్మదిగా కరుగుతాయి, అది తాగుడు మానితే చాలావరకు తిరిగొస్తుంది. మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, విరేచనాలు, వాంతుల వల్ల పొటాషియం 3 కంటే తగ్గితే కాళ్లు బరువెక్కుతాయి, 2.5 కంటే తగ్గితే అది గుండెలయ ప్రమాదం కూడా.

గ్రంథుల్లో థైరాయిడ్ రెండు వైపులా కండరాన్ని దెబ్బతీస్తుంది. ఎక్కువైతే సీపీకే మామూలుగా ఉండి బరువు తగ్గడం, గుండెదడ, చేతివణుకు తోడుంటాయి. తక్కువైతే సీపీకే పెరిగి, కండరాలు పట్టేస్తూ, మడమ దెబ్బ కొట్టాక పాదం తాపీగా వెనక్కి వస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడకుండా స్టాటిన్‌ని తప్పుపట్టకండి. థైరాయిడ్ తగ్గినప్పుడు కొలెస్టరాల్ పెరుగుతుంది, దానికి స్టాటిన్ రాస్తారు, కండరం పగిలితే నింద స్టాటిన్ మీద పడుతుంది. అసలు దోషి మొదటినుంచీ థైరాయిడే.

కాబట్టి మొదటి విడత రక్తపరీక్షలు పెద్ద ఖర్చువి కావు: సీపీకే, టీఎస్‌హెచ్, పొటాషియం, కాల్షియం, ఫాస్ఫేట్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, క్రియాటినిన్, షుగరు, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ. పూర్తిగా నయమయ్యే కారణాల్లో చాలావాటి జాడ ఇక్కడే దొరుకుతుంది. పెద్ద పరీక్షలు ఆ తర్వాత.

ఎముకలపొడి

ఇంత దూరం ఎందుకండీ? విటమిన్ డి తక్కువ ఉండటం సర్వసాధారణం. ముందు రెండు నెలలు వారానికోసారి పెద్ద మోతాదు ఇచ్చి చూస్తే సగం మందికి తగ్గిపోదా?

మందులచీటీ

సర్వసాధారణం కాబట్టే దాన్ని నమ్మకూడదు. రిపోర్టులో 18 కనపడగానే కారణం దొరికిందని ఆగిపోతే, వెనకాల ఉన్న మయోసైటిస్ రెండు నెలలు ముదురుతుంది. విటమిన్ డి వల్ల ఎముక మెత్తబడి కండరం బలహీనపడే స్థాయి వేరు. అక్కడ విలువ చాలాసార్లు మి.లీ.కి 10 నానోగ్రాముల కంటే కిందికి పోతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్ పెరుగుతాయి, ఫాస్ఫేట్ తగ్గుతుంది, కాల్షియం తగ్గొచ్చు లేదా అంచున నిలబడి ఉండొచ్చు. మనిషికి పక్కటెముకలు, మోకాలి కింది ముందెముక నొక్కితే నొప్పి, ఊగే నడక ఉంటాయి. ఇవన్నీ ఒక మాట మీద నిలబడితే అప్పుడు ధైర్యంగా డి ఇవ్వండి, కాల్షియంతో కలిపి. వారాల్లో నొప్పి, నెలల్లో బలం మెరుగుపడతాయి. సీపీకే బాగా పెరిగి ఉంటే మాత్రం అది విటమిన్ డి కథ కాదు. విటమిన్ డి సరిగానే ఉండి ఫాస్ఫేట్ ఒక్కటే తగ్గితే కిడ్నీ గొట్టాల నుంచి కారిపోతోందేమో చూడాలి. టెనోఫోవిర్ (హెచ్ఐవీ, హెపటైటిస్ బి మందు) వాడేవాళ్లలో ఇది తెలిసిన సంగతే.

ఫిజియో_పీజీ

చాలా ఉపయోగంగా ఉందండీ. ఇంకో సందేహం. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ పెరిగాయని నెలల తరబడి లివర్ మందులు వాడుతున్నవాళ్లు కొందరు కాళ్ల బలహీనతతో వస్తుంటారు. ఆ రెండింటికీ కండరంతో సంబంధం ఉంటుందా? సీపీకే 500, 600 లాంటి మధ్యరకం అంకె వస్తే ఏమనుకోవాలి?

కీళ్లవాకిలి

సంబంధం ఉంటుంది. ఆ రెండు ఎంజైములూ కండరంలో కూడా ఉంటాయి. కండరం పగిలితే రక్తంలోకి వస్తాయి. బిలిరుబిన్, జీజీటీ మామూలుగా ఉండి ఈ రెండే పెరిగితే, లివర్ స్కాన్‌కి ముందు సీపీకే పంపండి. గుండెపోటుకి చూసే ట్రోపోనిన్ టీ కూడా ఇలాగే మోసం చేస్తుంది. అక్కడ ట్రోపోనిన్ ఐ పంపితే గుండె సంగతి తేలుతుంది.

మధ్యరకం సీపీకేని ఒక్కసారి చూసి ఏమీ అనకండి. అలవాటు లేని వ్యాయామం, కింద పడటం, కండరంలోకి ఇంజెక్షన్, ముందు రోజు చేసిన ఈఎంజీ సూది, అన్నీ పెంచుతాయి. కండ ఎక్కువున్న మగవాళ్లలో మామూలుగానే గీత దాటి ఉంటుంది. వారం రోజులు బరువైన పని మానిపించి మళ్లీ చూడండి. మళ్లీ అంతే ఉండి, బలహీనత కూడా ఉంటే అప్పుడు అది అంకె కాదు, జబ్బు.

"సీపీకే నార్మల్ అంటే కండర జబ్బు లేనట్టేనా" అన్నదానికి జవాబు: లేదు. స్టెరాయిడ్, థైరాయిడ్ ఎక్కువవడం, ఎముక మెత్తబడటం, ఇవన్నీ నార్మల్ సీపీకేతోనే వస్తాయి. డెర్మటోమయోసైటిస్‌లో (చర్మం మీద దద్దుర్లతో వచ్చే మయోసైటిస్) కొందరికి, ముఖ్యంగా పిల్లలకి, సీపీకే పెరగకపోవచ్చు. ఏళ్లు గడిచిన డిస్ట్రఫీలో (కండరం క్రమంగా కరిగే జన్యు జబ్బు) పగలడానికి కండరం మిగలక అంకె కిందికి దిగుతుంది. మయస్తీనియాలో కండరం పగలదు కాబట్టి పెరగదు.

సీపీకే బాగా పెరిగిన పెద్దవాళ్లలో బలహీనత వచ్చిన వేగమే సగం జవాబు. వారాలు, నెలల్లో రెండు వైపులా సమంగా తగ్గితే మయోసైటిస్ గుంపు. ఏళ్ల మీద, ఒక్కో కండరాన్ని ఎంచుకున్నట్టుగా కరిగితే జన్యు జబ్బు. చర్మం తప్పక చూడండి: పై కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి పొలుసుబొడిపెలు, మెడ చుట్టూ, ఛాతీ పైభాగాన ఎర్రదనం, గోటి మొదళ్లలో ఉబ్బిన రక్తకేశికలు. ముదురు రంగు చర్మం మీద ఎరుపు ఊదాగానో, నల్లమచ్చగానో కనిపిస్తుంది. మంచి వెలుతురులో చూడకపోతే తప్పిపోతుంది. వేళ్ల పక్కలు పగిలి గరుకైతే, పొడిదగ్గు, ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల సీటీ, జో-1 లాంటి యాంటీబాడీలు. ఎండీఏ5 యాంటీబాడీ ఉండే రకంలో బలహీనత దాదాపు లేకుండానే ఊపిరితిత్తులు వేగంగా పాడవుతాయి. "కండరాలు బాగానే ఉన్నాయిగా" అని తాత్సారం చేయకూడని రకం అది. పెద్దవాళ్లకి డెర్మటోమయోసైటిస్ తేలితే, ముఖ్యంగా టీఐఎఫ్1-గామా యాంటీబాడీ ఉంటే, ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో వెతకాలి. మొదటి మూడేళ్లూ ఆ అప్రమత్తత ఉండాలి.

బయాప్సీ మీద ఒక మాట. మరీ కరిగిపోయిన కండరం నుంచి తీస్తే కొవ్వు, నార తప్ప ఏమీ దొరకవు. ఒక మోస్తరుగా బలహీనపడిన కండరం ఎంచుకోవాలి. తొడ ఎంఆర్ఐలో వాపు ఎక్కడుందో చూసి అక్కడ తీస్తే ఇంకా మంచిది. ఈఎంజీ సూది గుచ్చిన కండరం వద్దు, సూది గాయమే వాపులా కనిపిస్తుంది. అందుకే ఈఎంజీ ఒక వైపు చేయించి, బయాప్సీ రెండో వైపు తీస్తారు.

50 దాటినవాళ్లలో పాలీమయాల్జియా రుమాటికాను మయోసైటిస్‌తో కలపకండి. అందులో భుజాలు, తుంటి పొద్దున్నే 45 నిమిషాలకు పైగా బిగుసుకుని నొప్పి. ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరుగుతాయి, సీపీకే మామూలు. నొప్పిని దాటించి అదిమితే బలం ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ 12.5 నుంచి 25 మి.గ్రా.లోపే చాలామందికి కొద్ది రోజుల్లో హాయిగా ఉంటుంది. తోడుగా కొత్త తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసక ఉంటే అది కంటిని పోగొట్టే ధమని వాపు, ఆ రోజే చికిత్స మొదలవ్వాలి.

సుత్తి_సూది

బయాప్సీ గురించి చిన్న చేర్పు. ముద్ద గొంతు దిగని మనిషికి బయాప్సీ తేదీ కోసం స్టెరాయిడ్ ఆపి కూర్చోబెట్టడం సరికాదు. చికిత్స మొదలైన కొద్ది రోజుల్లో తీసినా చాలాసార్లు సమాచారం దొరుకుతుంది. డెర్మటోమయోసైటిస్ దద్దుర్లు స్పష్టంగా ఉండి, యాంటీబాడీ కూడా వస్తే అసలు బయాప్సీ అక్కర్లేకపోవచ్చు.

ఇంకోటి. మయోసైటిస్‌కి స్టెరాయిడ్ వాడుతున్న మనిషి మళ్లీ బలహీనపడితే జబ్బు తిరగబెట్టిందా, మందు వల్లా అన్న చిక్కు వస్తుంది. ఒకదానికి మోతాదు పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. సీపీకే మళ్లీ పైకి పోవడం, మెడ ముందు కండరాలు తగ్గడం, ఎంఆర్ఐలో వాపు కనపడటం జబ్బు వైపు. మెడ బాగుండి, తుంటి మాత్రమే తగ్గి, సీపీకే మామూలుగా ఉంటే మందు వైపు.

కీళ్లవాకిలి

ఒప్పుకుంటాను. గొంతు, ఊపిరి దెబ్బతిన్నప్పుడు చికిత్సే ముందు.

ఊపిరి_లెక్క

ఆ రోజే పంపాల్సినవాళ్ల గురించి. గంటల్లో, రోజుల్లో పెరిగే బలహీనత ఏదైనా. మింగుతుంటే నీళ్లు ముక్కులోంచి రావడం, మాట ముక్కుతో రావడం, దగ్గులో బలం లేకపోవడం. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే తగ్గడం. ముదురు గోధుమరంగు మూత్రం. మలమూత్రాల మీద పట్టు తప్పడం. గుండెలయ తేడా.

ఆక్సిమీటర్ చూసి ధైర్యపడకండి. ఊపిరి కండరాలు అలిసిపోతున్నప్పుడు ఆక్సిజన్ అంకె చివరిదాకా బాగానే ఉంటుంది, ముందు పెరిగేది కార్బన్ డయాక్సైడ్. నిండా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా, సెకనుకి రెండేసి చొప్పున లెక్కపెట్టమనండి. ఆరోగ్యవంతులు 40, 50 దాకా పోతారు. 20 దగ్గరే ఆగిపోతే ఆ రోజే ఎఫ్‌వీసీ (నిండా పీల్చి పూర్తిగా వదిలే గాలి పరిమాణం) కొలవాలి. కిలోకి 20 మి.లీ. కంటే తగ్గితే ఐసీయూ. నెమ్మది జబ్బుల్లో కూర్చుని ఒకసారి, పడుకుని ఒకసారి కొలవండి. పడుకున్నప్పుడు 20, 25 శాతం పడిపోతే డయాఫ్రం (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే ఊపిరి కండరం) బలహీనపడినట్టు. పొద్దున్నే తలనొప్పి, పగలు కునికిపాట్లు దానికి తోడు. కాళ్లు ఇంకా నడుస్తుండగానే ఊపిరి ఇలా దెబ్బతింటే పెద్దవాళ్లలో వచ్చే పాంపే జబ్బు గుర్తుకు రావాలి. ఎండబెట్టిన రక్తపు చుక్కతో ఎంజైము పరీక్ష చేస్తారు, ఆ ఎంజైమునే మందుగా ఎక్కించే చికిత్స ఉంది.

పొద్దున బాగుండి సాయంత్రానికి తగ్గే బలహీనత, కనురెప్ప వాలడం, రెండుగా కనిపించడం ఉంటే మయస్తీనియా. ఒక నిమిషం పైకే చూడమనండి, రెప్ప జారుతుంది. జారిన రెప్ప మీద గ్లవ్‌లో చుట్టిన ఐసు 2 నిమిషాలు పెట్టి తీస్తే లేస్తుంది. ఇలాంటివాళ్లకి జెంటామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్లు, సిప్రోఫ్లోక్సాసిన్ గుంపు, నరంలోకి మెగ్నీషియం ప్రమాదం. ల్యాంబర్ట్-ఈటన్ దీనికి కొంత వ్యతిరేకం: కాళ్లు ముందు, నోరు ఎండిపోవడం, మోకాలి దెబ్బ రాకపోవడం, కానీ 10 సెకన్లు కాలు గట్టిగా బిగించాక కొడితే వస్తుంది. వాళ్లలో దాదాపు సగం మందికి ఊపిరితిత్తుల్లో స్మాల్ సెల్ క్యాన్సర్ ఉంటుంది, కాబట్టి ఛాతీ సీటీ తప్పదు.

రాత్రి బాగా పడుకుని పొద్దున్న కాళ్లు అస్సలు లేవని కుర్రవాడికి పొటాషియంతో పాటు థైరాయిడ్ కూడా చూడండి. పిండిపదార్థం ఎక్కువున్న భోజనం, శ్రమ తర్వాతి విశ్రాంతి ఈ చచ్చుబాటును రప్పిస్తాయి. పొటాషియం ఒంట్లోంచి పోలేదు, కణాల్లోకి దూరిందంతే. అందుకే హడావిడిగా ఎక్కువ ఎక్కిస్తే గంటల తర్వాత అది బయటికి వచ్చి అంకె పైకి దూకుతుంది. ఈసీజీ చూస్తూ, కొద్దికొద్దిగా ఇవ్వాలి.

అడుగు_అడుగు

పిల్లల సంగతి ఎవరూ రాయలేదు. మగపిల్లాడు నడక ఆలస్యంగా మొదలుపెట్టి, పరిగెత్తలేక, మెట్లు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కుతూ, పిక్కలు లావుగా గట్టిగా ఉంటే ఆ రోజే సీపీకే. డ్యుషెన్‌లో (మగపిల్లలకు వచ్చే డిస్ట్రఫీ) అది పుట్టినప్పటినుంచే వేలల్లో ఉంటుంది. సీపీకే అంత ఎక్కువున్నప్పుడు ఈఎంజీతో పిల్లాడిని బాధపెట్టక్కర్లేదు, నేరుగా జన్యు పరీక్ష. డీఎండీ జీన్‌లో ముక్క ఎగిరిపోవడం లేదా రెట్టింపవడం ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్షలో కనపడుతుంది. అందులో దొరకకపోతే సీక్వెన్సింగ్. తల్లికి కూడా పరీక్ష, గుండె స్కాన్ అవసరం. సీపీకే మామూలుగానో కొంచెమే పెరిగో, మోకాలి దెబ్బ రాక, చాపిన వేళ్లు సన్నగా వణుకుతుంటే ఎస్ఎంఏ (వెన్నుపాములో కండరాలను నడిపే నరకణాలు చనిపోయే జన్యు జబ్బు). ఎస్ఎంఎన్1 జీన్ చూడాలి, దానికి మందులున్నాయి కాబట్టి ఆలస్యం ఖరీదైనది.

పెద్దయ్యాక బయటపడేవాటిలో ఎఫ్ఎస్‌హెచ్‌డీని (ముఖం, భుజాల డిస్ట్రఫీ) ముఖం పట్టిస్తుంది: ఈల వేయలేరు, నిద్రలో కళ్లు పూర్తిగా మూతపడవు, భుజపుటెముక ఒకవైపు ఎక్కువ లేస్తుంది. డిస్ఫెర్లిన్ జబ్బులో (ఇదీ ఒక డిస్ట్రఫీయే) సీపీకే వేలల్లో ఉండి మయోసైటిస్‌లా కనిపించి, నెలల తరబడి స్టెరాయిడ్ తినిపిస్తుంది. స్టెరాయిడ్‌కి లొంగని "మయోసైటిస్" అనగానే జన్యు పరీక్ష అడగండి.

వ్యాయామం విషయానికొస్తే, కారణం తెలియకుండా బరువులు ఎత్తించకండి. మయోసైటిస్‌లో పర్యవేక్షణతో చేసే వ్యాయామం జబ్బు చురుగ్గా ఉన్నా హాని చేయదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. స్టెరాయిడ్ బలహీనతకైతే వ్యాయామమే మందు. డిస్ట్రఫీలో మాత్రం కండరం సాగుతూ పనిచేసే కదలికలు, అంటే పదేపదే మెట్లు దిగడం, బరువుని నెమ్మదిగా కిందికి దించడం, తంతువుల్ని చింపుతాయి. తేలికపాటి సైకిలు, నీళ్లలో వ్యాయామం నయం. చేసిన అరగంటలో బలం ఇంకా తగ్గినా, ఒళ్లునొప్పి 48 గంటలు దాటినా మోతాదు ఎక్కువైందని లెక్క. మూత్రం రంగు మారితే వ్యాయామం ఆపి ఆసుపత్రికి. మెట్లెక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. కుర్చీ, మంచం, కమోడ్ ఎత్తు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచితే చాలామంది ఇంకొకరి చెయ్యి లేకుండా లేస్తారు. మెత్తటి దిండు వేసి ఎత్తు పెంచకండి, కూర్చోగానే అది అణిగిపోతుంది.

పంపే ఉత్తరంలో "రెండు కాళ్ల బలహీనత" అని రాసి వదిలేయకండి. ఎప్పుడు మొదలైంది, ఎంత వేగంగా పెరిగింది, కుర్చీలోంచి చేతుల్లేకుండా లేవగలరా, అయిదుసార్లకు ఎన్ని సెకన్లు, మెడ, మోకాలి దెబ్బ, స్పర్శ, మింగడం, ఊపిరి లెక్క, మందుల పేర్లు మోతాదులతో, రాయండి. డిస్ట్రఫీ అనుమానం ఉంటే, ఏ చిన్న ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకి ముందే చెప్పమని రోగి చేతికి కాగితం ఇవ్వండి. మత్తులో కండరాలు సడలడానికి వాడే సక్సామెథోనియం ఇస్తే పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. డ్యుషెన్‌లో పీల్చే మత్తువాయువులు కూడా వద్దు.